టవర్ పడిపోయినా ఆగని గుంటల లెక్క: చాలాకాలం వాడాక నా మాట

బ్రౌజర్‌లోనే నడిచే ఈ రొయ్యల గుంటల యాప్‌లో గ్రాఫులు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వారీ ధరలు, ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ డీలరే చూపిస్తాడు. నాకు నచ్చింది ఒక్కటే. గుంట నీళ్ల రీడింగ్ కొట్టి ‘సేవ్’ నొక్కితే వెంటనే తీసుకుంటుంది, నెట్ ఉందా లేదా అని చూడదు.

ఇదేం గొప్ప అనేవాళ్లు తెల్లవారుజామున నెల్లూరు దగ్గరి మైపాడు వైపు గట్ల మీదికి రావాలి. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది పొద్దు పొడిచే ముందే. రాత్రంతా ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి కనపడని నాచు, పురుగులు), రొయ్యలు పీల్చుకోవడమే గానీ కొత్తగా పుట్టేది ఉండదు. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే ఇంకో ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి ఎక్కించే యంత్రం) వేయాలా, మేత ఆపాలా అన్నది నిన్నటి, మొన్నటి రీడింగులు చూసి అక్కడికక్కడే తేల్చుకోవాలి. అంతకుముందు వాడినదాంట్లో సరిగ్గా ఆ వేళకే తెల్ల తెర, మధ్యలో తిరిగే చక్రం. సిగ్నల్ గీతలు రెండు కనిపిస్తాయి, డేటా కదలదు. అసలు నెట్ లేకపోవడం కన్నా ఇదే అన్యాయం. యాప్ జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది, చివరికి కొట్టిందంతా పోతుంది.

దీంట్లో తెర ఫోన్‌లోంచే వస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడే సర్వీస్ వర్కర్ అని బ్రౌజర్‌లో వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాం బొమ్మలు, కోడు దించి పెట్టుకుంటుంది. మన అంకె ముందు ఫోన్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీ అనే బ్రౌజర్ సొంత నిల్వలోకి పోతుంది, సిగ్నల్ దొరికినప్పుడు దానంతట అదే సర్వర్‌కి పోతుంది. సేవ్ అయినదానికి ఒక గుర్తు, సర్వర్‌కి చేరినదానికి వేరే గుర్తు. ఆ రెంటినీ విడిగా చూపించినవాళ్లకు దండం పెట్టాలి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు దీని విలువ తెలిసింది. 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే మా దగ్గర కుండపోత. కరెంటు లేదు, టవర్ లేదు, జనరేటర్ మీద ఏరేటర్లు. వాననీళ్లు పడేకొద్దీ ఉప్పు శాతం, పీహెచ్ రెండూ పడిపోతాయి, మేత కోసుకుంటూ రావాలి. మా కుర్రాడు ప్రతి పూటా చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసి అన్నీ కొడుతూనే ఉన్నాడు. అడిగితే ‘‘ఎక్కతా ఉందన్నా’’ అన్నాడు. టవర్ లేచాక ఒక్క పూట కూడా తప్పకుండా మొత్తం పైకి వెళ్లింది. నెల్లూరులో ఉన్న టెక్నీషియన్ ఆ వరుస చూసి, ఏ గుంటలో ఎంత సున్నం చల్లాలో ఫోన్‌లోనే చెప్పాడు.

ఒక్కటి మాత్రం తేడా కొట్టింది. టవర్ లేచిన కొత్తలో నెట్ తెగుతూ వచ్చింది, కొన్ని మేత ఎంట్రీలు రెండేసిసార్లు పడ్డాయి. గోడౌన్‌లో ఉన్న బస్తాల కన్నా స్టాకు తక్కువ చూపించింది. అంకె సర్వర్‌కి చేరింది, చేరినట్టు జవాబు దారిలో తెగింది, ఫోన్ మళ్లీ పంపింది. వాళ్లకు చెప్పాక ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక విడి నంబరు ఇచ్చేట్టు మార్చారు. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ పక్కన పెడుతుంది. నెట్ సరిగా లేనిచోటికే చేసిన యాప్‌లో ఇది మొదటి రోజునుంచే ఉండాల్సింది.

దానంతట అదే పంపుతుందన్నది కూడా మా ఆండ్రాయిడ్ క్రోమ్ సంగతి. తమ్ముడిది ఐఫోన్. దాని బ్రౌజర్ సఫారీలో అలా వెనకాల దానంతట అదే పంపడం లేదు, యాప్ తెరిచి ఉంచితేనే పోతాయి. పైగా సఫారీ వాడుతూ 7 రోజులు ఆ సైటు ముట్టుకోకపోతే, పంపకుండా మిగిలినవి తుడిచిపెట్టుకుపోతాయి. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే ఆ గడువు ఉండదు, వాడికి అలాగే పెట్టించాను.

మావి కొద్ది గుంటలే, రాసేది ఒక్క ఫోన్‌లోనే. మా బావ దగ్గర ఇద్దరు రాస్తారు. ఒకే పూట మేతను ఇద్దరూ దిద్దితే చివర చేరిందే నిలుస్తుంది, ముందుది పోతుంది. ఆయన ఇంకా పుస్తకంలోనే రాయిస్తున్నాడు, అది సబబే. నేను మాత్రం వచ్చే పంటకూ ఇదే వాడతాను.