రక్కూన్లు అటకెక్కకుండా సాఫిట్‌కి ఏది మేలు: మెష్షా, ప్లైవుడ్డా?

అమెరికా, కెనడాల్లో సొంతిల్లు ఉన్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. రక్కూన్ (రాత్రిళ్లు తిరిగే, పిల్లికంటే పెద్ద జంతువు) సాఫిట్ (చూరు అడుగున బిగించే పలకల వరస) ఊడగొట్టి అటకెక్కింది. దాన్ని పంపించాక లోపల మెష్ (తీగల వల) వేయించాలా, ప్లైవుడ్ కొట్టించాలా, మొత్తం సాఫిట్టే మార్పించాలా?

చాలా ఇళ్లకు మెష్షే మేలు. అయితే ఏ సరుకు కొన్నారన్న దానికంటే, దాన్ని దేనికి బిగించారన్నదే అసలు సంగతి.

వినైల్ సాఫిట్ పలకలు గోడవైపు జె-ఛానల్ గాడిలో ఊరికే దూరి ఉంటాయి. కింది నుంచి గట్టిగా నెడితే వంగి గాడిలోంచి జారిపోతాయి. అల్యూమినియం పలకల అమరికా ఇదే కాబట్టి, వినైల్ తీసి అల్యూమినియం వేయించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. అందుకే మెష్ అయినా ప్లైవుడ్ అయినా పలకకు కాదు, దాని వెనక ఉన్న కలపకు బిగించాలి.

చిక్కంతా గోడవైపే. బయటి అంచున రాఫ్టర్ (పైకప్పు దూలం) చివర్లు, ఫేషియా (చూరు అంచున నిలువుగా ఉండే పలక) వెనక సబ్-ఫేషియా అనే కలప ఉంటాయి కాబట్టి అక్కడ స్క్రూ దిగుతుంది. గోడవైపు చాలా ఇళ్లలో పల్చటి షీథింగ్ (గోడ చట్రం మీద కొట్టే పలక), దాని మీద జె-ఛానల్, అంతే. షీథింగ్‌లోకి దింపిన స్క్రూ లాగితే ఊడొస్తుంది. అక్కడ ముందుగా 2x2 కలపపట్టీని గోడ స్టడ్‌లలోకి (గోడ లోపలి నిలువు కలప కమ్మెల్లోకి) దిగేలా బిగించి, మెష్ అంచును ఆ పట్టీకి పట్టించాలి. కాంట్రాక్టర్ కొటేషన్‌లో ఈ పట్టీ ప్రస్తావన లేకపోతే గట్టిగా అడగండి.

మెష్ అర అంగుళం కన్నుది, 16 గేజ్ గాల్వనైజ్డ్ వెల్డెడ్ రకం తీసుకోండి. షాపుల్లో ఎక్కువగా దొరికేది 19 గేజ్. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కాబట్టి 16 కోసం ఆర్డరు పెట్టాల్సొచ్చినా సరే. స్టేపుల్స్ వద్దు, రక్కూన్ ఒక మూల పట్టుకు లాగితే వరసగా లేచిపోతాయి. బయట వాడే స్క్రూలకు అంగుళం ఫెండర్ వాషర్లు (వెడల్పాటి లోహపు బిళ్లలు) వేసి, అంచు పొడవునా 4 అంగుళాలకు ఒకటి చొప్పున, కలపలోకి కనీసం అంగుళం దిగేలా బిగించాలి. రెండు ముక్కలు కలిసేచోట 2 అంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి, ఆ అతుకు రాఫ్టర్ కిందే పడాలి. బిగించేముందు ఫేషియా వెనక కలపను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గటర్ కారి మెత్తబడి ఉంటే ముందు అది మార్చాలి, పుచ్చిన చెక్కలో ఏ స్క్రూ నిలవదు.

ప్లైవుడ్ బలంలో మెష్‌కు తీసిపోదు, కానీ గాలిని ఆపేస్తుంది. అటకలోకి గాలి వచ్చేదే సాఫిట్ రంధ్రాల్లోంచి. అవి మూసేస్తే చలికాలంలో పైకప్పు పలకల అడుగున తేమ చేరుతుంది, మంచు కురిసే ఊళ్లలో చూరు అంచున ఐస్ గడ్డలు కడతాయి. 16 గేజ్ మెష్‌లో నాలుగింట మూడొంతుల పైన ఖాళీయే.

ఒక్కచోట మాత్రం ప్లైవుడ్డే మేలు: కింది కప్పు వెళ్లి పై కప్పు సాఫిట్‌కి తగిలే మూల. మామూలు చూరు దగ్గర రక్కూన్‌కు కాలు పెట్టే చోటుండదు. ఈ మూలలో కింది కప్పు మీద నిలబడి వీపుతో, ముంజేతులతో పైకి ఎత్తుతుంది. అక్కడ రెండు మూడు అడుగుల మేర బయట వాడే అర అంగుళం ప్లైవుడ్ ముక్కను కలపకు బిగించి, పైన పాత పలకే తొడగండి. మిగతా చూరంతా మెష్ కాబట్టి గాలికి లోటుండదు. పలకల వెనకే పని కాబట్టి ఇల్లు బయటికి అలాగే కనిపిస్తుంది, హెచ్‌ఓఏతో (కాలనీ ఇళ్ల యజమానుల సంఘంతో) పేచీ ఉండదు.

ఫైబర్ సిమెంట్ సాఫిట్ మంచిదే, నేరుగా కలపకే కొడతారు. ఎలాగూ సైడింగ్ (గోడల బయటి తొడుగు) మారుస్తుంటే వేయించండి, దీనికోసమే అయితే ఖర్చెక్కువ. కోళ్ల గూడు వల, స్ప్రే ఫోమ్ రెండింటినీ రక్కూన్ చీల్చేస్తుంది. దాన్ని తరమడానికి కొందరు పెట్టే అమ్మోనియా గుడ్డలు, రేడియో అడ్డుగోడ కావు.

ఏది వేసినా మూసేముందు లోపల ఏదీ లేదని తేల్చుకోండి. రక్కూన్ దూరిన రంధ్రంలో పాత పేపరు వదులుగా కుక్కి రెండు మూడు రాత్రులు చూడండి. కదలకపోతే లోపల ఏమీ లేనట్టే లెక్క. గడ్డకట్టే చలిలో ఈ పరీక్ష పనికిరాదు, అప్పుడవి రోజుల తరబడి బయటికి రావు. మార్చి నుంచి జూన్ దాకా లోపల పిల్లలుండే అవకాశం ఎక్కువ. తల్లిని బయట ఉంచి మూసేస్తే పిల్లల కోసం కప్పునే ఇంకోచోట చీలుస్తుంది. పిల్లలు దాని వెంట నడిచే వయసు, అంటే సుమారు 8 నుంచి 10 వారాలు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే బిగించండి.