ఆడిట్‌కు రిటర్నుల ఎంపిక: నిబంధనలా, లాటరీయా, రిస్క్ స్కోరా – ఏది మేలు?

లక్ష పన్ను రిటర్నులు దాఖలయ్యాయి, ఆడిట్ చేసే ఓపిక రెండు వేలకే ఉంది అనుకుందాం. ఆ రెండు వేలూ ఏరడానికి మూడు దారులున్నాయి.

నిబంధనల పద్ధతిలో ఫలానా ఖర్చు ఆదాయంలో ఇంత శాతం దాటితే ఆ ఫైలు పక్కకు తీస్తారు. ఎందుకు తీశారో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. బ్యాంకో యజమానో పంపిన లెక్కకూ రిటర్నుకూ తేడా పట్టడానికి దీన్ని మించింది లేదు. అయితే హద్దు ఎంతో బయటికి పొక్కిందంటే అందరూ దానికి కాస్త కిందే ఆగుతారు. ఏ శాతం దగ్గర ఎన్ని రిటర్నులున్నాయో గ్రాఫ్ గీసి చూస్తే హద్దుకు ముందు గుట్టగా పేరుకుని కనిపిస్తుంది. ఆ గుట్ట కనిపించాక హద్దు మార్చక తప్పదు.

లాటరీలో, అంటే రాండమ్ శాంపిల్‌లో, సక్రమంగా కట్టేవాళ్లే ఎక్కువ తగులుతారు, రాబడి తక్కువ. కానీ ఎగవేత అసలు ఎంతుందో నిజంగా చెప్పేది ఇదొక్కటే. 200 ఫైళ్లలో 20 శాతం తప్పుగా తేలితే, అసలు శాతం దానికి అటూ ఇటూ 5.5 పాయింట్లలోపే ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ఏటా 200 చొప్పున మూడేళ్లవి కలిపి 600 చేస్తే అది 3.2కి దిగుతుంది.

ఇక రిస్క్ స్కోరు. పాత ఆడిట్ల ఫలితాల మీద మోడల్ కట్టి, ప్రతి రిటర్నుకూ మార్కు వేసి, పైనుంచి తీసుకోవడం. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వాడే డిఫ్ స్కోరు ఈ కోవదే. ఆ సూత్రానికి ఆధారం శాంపిల్‌గా తీసిన రిటర్నుల విస్తృత ఆడిట్లే. 1988 రిటర్నుల తర్వాత అలాంటి పెద్ద సర్వే మళ్లీ 2001 రిటర్నులకే జరిగింది. అన్నేళ్లు పాత డేటాతోనే నెట్టుకొస్తే ఏ మోడలైనా మొద్దుబారుతుంది.

మోడల్ చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది, స్కోరు ఎంచిన ఫైళ్ల ఫలితాలతోనే మళ్లీ శిక్షణ ఇవ్వడం. ఎవరూ తెరవని ఫైళ్లలో ఏముందో దానికి ఎన్నటికీ తెలియదు.

రెండోది, దేన్ని అంచనా వేయమంటున్నామన్నది. నా దృష్టిలో అల్గారిథం కన్నా ఇదే ముఖ్యం. ఒక ఫైల్లో తప్పు దొరికే అవకాశం 80 శాతం, దొరికితే 5,000 పన్ను. అంటే సగటున 4,000. ఇంకో ఫైల్లో అవకాశం 25 శాతమే, కానీ 80,000, సగటున 20,000. మొదటిదానికి 4 గంటలు, రెండోదానికి 15 గంటలు పట్టినా గంటకు 1,000 ఎక్కడ, 1,333 ఎక్కడ? 'తప్పుందా లేదా' అని మాత్రమే అడిగితే మోడల్ చిన్నవాళ్ల చిన్న పొరపాట్ల వెంటే పడుతుంది. ఎంపిక భారం ఒక వర్గం మీదే ఎక్కువగా పడొచ్చు కూడా. ఐఆర్‌ఎస్ రిటర్నులో జాతి అడిగే గడే లేదు. అయినా నల్లజాతి పన్ను చెల్లింపుదారులకు ఆడిట్ మిగతావాళ్లతో పోలిస్తే 2.9 నుంచి 4.7 రెట్లు పడుతోందని 2023లో స్టాన్‌ఫర్డ్ తదితర పరిశోధకులు చూపించారు.

అందుకే నా ఓటు కలగలుపుకే: 1,500 స్కోరుతో, 300 నిబంధనలతో, 200 లాటరీతో. ఎంత ఒత్తిడొచ్చినా ఆ 200 మాత్రం కోయకండి, స్కోరు సరిచూసుకునే కొలబద్ద అదే. ఆడిట్ చేసే అధికారికి ఫైలు ఏ దారిన వచ్చిందో చెప్పకండి. స్కోరు ఎక్కువని తెలిస్తే తప్పు దొరికేదాకా తవ్వుతారు, లాటరీ ఫైలని తెలిస్తే పైపైన చూసి మూసేస్తారు. ఏమీ దొరకని ఫైలు ఫలితాన్ని కూడా సున్నాగా తప్పక నమోదు చేయించండి.