దడుపు ఒంట్లో నిలిచిపోతే: కంటి కదలికల చికిత్స మేలా, యోగా మేలా?

మా తమ్ముడు రొయ్యల లోడుతో వ్యాను నడుపుకుంటూ వెళ్తూ, సింగరాయకొండ దాటిన తరువాత జాతీయ రహదారి మీద ప్రమాదానికి గురయ్యాడు. పక్కటెముకలు రెండు నెలల్లో అతుక్కున్నాయి. ఆ తరువాత కూడా, కావలిలో మా ఇంటి వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నప్పుడు దూరాన లారీ హారన్ వినిపిస్తే చాలు, అతని భుజాలు చెవుల దాకా లేచేవి, కుడిపాదం లేని బ్రేకును తొక్కుతున్నట్టు సిమెంటు నేలను అదిమి పట్టేది. అడిగితే "నాకేం కాలేదక్కా, బాగానే ఉండా" అనేవాడు. ఆ మాటకూ ఆ పాదానికీ పొంతన లేకపోవడం చూశాకే, ఒంటిని కూడా లెక్కలోకి తీసుకునే చికిత్సల గురించి చదవడం, తెలిసినవారిని అడగడం మొదలుపెట్టాను.

మన ఇళ్లలో దీన్ని దడుచుకోవడం అంటారు. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిగదుడిచింది, కసుమూరు దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. నేను వాటిని చులకన చేయను. తల్లి చేయి తల మీద పడిన ఆ రాత్రి తమ్ముడు చాలా రోజుల తరువాత కంటినిండా నిద్రపోయాడు. చాలామందికి ప్రమాదం తరువాత వచ్చే వణుకు, పీడకలలు మొదటి కొన్ని వారాల్లో అయినవాళ్ల తోడుతోనే తగ్గిపోతాయి. నెల దాటినా అవి తగ్గక, మనిషి పనికి, రోడ్డుకు, మాటకు దూరమైపోతుంటే వైద్యులు పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ లేదా భయం తరువాత మనసులో నిలిచిపోయే వ్యాధి, ఉందేమో చూస్తారు. అక్కడి నుంచి దిగదుడుపు ఒక్కటే చాలదు.

ముందుగా ఈ.ఎం.డీ.ఆర్., అంటే కంటి కదలికల చికిత్స సంగతి. 1987లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షాపిరో దీనికి బీజం వేశారు. బాధించే జ్ఞాపకంలోని ఒక దృశ్యాన్ని, దానితో పాటు పుట్టే ఆలోచనను, అది ఒంట్లో తెలిసే చోటును ఒకేసారి మనసులో నిలుపుకొని, చికిత్స చేసేవారి వేళ్ల వెంట కళ్లను అటూ ఇటూ కదిలించాలి. కొద్దిసేపటికి ఆపి, ఇప్పుడు ఏమి తెలుస్తున్నదో చెప్పమంటారు. బాధను 0 నుంచి 10 దాకా అంకెలో చెప్పిస్తూ, అది తగ్గేవరకు మళ్లీ మళ్లీ చేస్తారు. మొత్తం 8 దశల్లో ఆరవది పూర్తిగా ఒంటికి సంబంధించినది: జ్ఞాపకాన్ని తలచుకుంటూ తల నుంచి పాదం దాకా ఎక్కడైనా బిగువు మిగిలిందా అని చూసుకోవాలి. కళ్లు కదిలించడం ఎలా పనిచేస్తుందన్న దాని మీద పరిశోధకులలో ఇంకా వాదం ఉంది. జ్ఞాపకాన్ని పట్టుకోవడం, కదిలే వేలిని అనుసరించడం రెండూ ఒకేసారి చేయవలసి రావడంతో దృశ్యం పదును తగ్గుతుందన్నది ఒక వివరణ. చికిత్స ఫలితాన్ని చాలా పరీక్షలు చూపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి సూచించిన మానసిక చికిత్సల్లో ఇదీ ఉంది.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కరలేకపోవడం. మాట పెగలని మగవాళ్లకు, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని భయపడే ఆడపిల్లలకు అది చిన్న ఊరట కాదు. కష్టమూ ఉంది. చెప్పకపోయినా తలచుకోక తప్పదు కనుక కొందరికి చికిత్సకు కూర్చున్న రోజు రాత్రి కలలు ఎక్కువవుతాయి. శిక్షణ పొందినవారు దగ్గరలో దొరకక మేము మద్రాసుకు రైలెక్కాము. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. మొదటి రెండుసార్లు కళ్లు కదిలించడమే లేదు, సంగతులు అడగడం, భయం ముంచుకొస్తే నిలదొక్కుకోవడం నేర్పడంతోనే సరిపోయింది. డబ్బు దండగ అనిపించింది కానీ, ఆ తయారీ లేకుండా తొందరపెట్టేవారిని నమ్మకూడదని తరువాత తెలిసింది.

మరి యోగా? ఇది మన ముంగిట్లోనే దొరుకుతుంది కనుక అందరూ మొదట సలహా చెప్పేది ఇదే, పొరపాటు జరిగేదీ ఇక్కడే. మద్రాసు వెళ్లడానికి ముందు తమ్ముణ్ని ఒక తరగతికి పంపాము. తలుపు వైపు వీపు పెట్టించి కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, ఊపిరి బిగబట్టమని చెప్పారు. వెనుక నుంచి వచ్చి నడుము సరిచేయడానికి భుజం మీద చేయి వేసేసరికి తమ్ముడు ఒక్క ఉదుటున లేచి బయటకు వచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీద వణుకుతూ నిలబడ్డాడు. ఆ గురువు చెడ్డవారని అనను. అదే పాఠం ఆరోగ్యంగా ఉన్నవారికి హాయినే ఇస్తుంది. దడుచుకున్న ఒంటికి మాత్రం ఊపిరి బిగబట్టడం, కపాలభాతిలా వేగంగా వదలడం, కళ్లు మూయడం, చెప్పకుండా తాకడం నాలుగూ ప్రమాద ఘడియను గుర్తుచేయగలవు.

అమెరికాలో డేవిడ్ ఎమర్సన్ రూపొందించిన యోగా పద్ధతి ఈ నాలుగింటినీ పక్కన పెడుతుంది. చేయి ఎత్తాలా వద్దా, ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది చేసేవారే నిర్ణయించుకుంటారు, గురువు ఎవరినీ తాకరు, భంగిమ కుదిరిందా లేదా అన్న పట్టింపు ఉండదు. ప్రమాదంలో మన ఒంటి మీద మన చేతిలో ఏమీ లేకుండా పోతుంది కాబట్టి, ఆ అధికారం కొంచెం కొంచెంగా తిరిగి ఇవ్వడమే ఇందులోని చికిత్స. 2014లో వెలువడిన ఒక పరీక్షలో, ఇతర చికిత్సలతో తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీలలో సగం మందికి 10 వారాల పాటు వారానికి ఒక గంట ఇటువంటి యోగా నేర్పారు, మిగిలినవారికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. చివరకు యోగా చేసినవారిలో 52 శాతం మంది ఆ వ్యాధి నిర్ధారణ నుంచి బయటపడ్డారు, పాఠాలు విన్నవారిలో 21 శాతం మంది బయటపడ్డారు. మంచి ఫలితమే అయినా ఇది చిన్న పరీక్ష, అందులోనూ అంతా స్త్రీలే. ఈ.ఎం.డీ.ఆర్. వెనుక ఉన్నంత సాక్ష్యం దీని వెనుక లేదు.

మూడవది పీటర్ లెవిన్ రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్. కథను వదిలి ఒంట్లోని బిగువు, వేడి, వణుకులను కొద్దికొద్దిగా గమనింపజేయడం దీని పని. 2004 డిసెంబరు 26 సునామీ మన తీరాన్నీ తాకింది కనుక, ఆ తరువాత తమిళనాడు మత్స్యకార గ్రామాల్లో ఈ పద్ధతిని వాడి చూశారని చదివినప్పుడు ఆసక్తి కలిగింది. మేలు కనిపించిందని రాశారు కానీ, పోల్చడానికి చికిత్స పొందని వర్గం అందులో లేదు. 2017లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన పరీక్షలో 63 మంది పాల్గొన్నారు, 15 వారాల చికిత్సతో లక్షణాలు తగ్గాయి. అయినా సాక్ష్యం ఇంకా పలచనే, నేర్చినవారూ అరుదు. మొదటి ఎంపికగా నేను చెప్పను.

నా తీర్పు ఇది. నెల దాటినా తగ్గని దడుపుకు, ప్రయాణమో, ఆన్‌లైన్ ద్వారానో తెలుగు తెలిసిన చికిత్సకులు దొరికే వీలుంటే, ఈ.ఎం.డీ.ఆర్. మేలు. తెలుగు అని ఎందుకంటున్నానంటే, "కుడి మోకాలి కింద పట్టేసినట్టుంది" అన్న మాట తమ్ముడి నోటి నుంచి ఇంగ్లిషులో వచ్చేది కాదు. ఆ మాట అన్న పూటే పాదం గురించి పని మొదలైంది. వెళ్లే వీలు లేనివారికి, జ్ఞాపకాన్ని తలచుకోవడానికే ఒళ్లు ఒప్పుకోనివారికి, తాకని, బలవంతపెట్టని యోగా మంచి ప్రారంభం. తమ్ముడు రెండూ చేశాడు. మా వీధిలోని ఇంకొక గురువు కుర్చీ తలుపుకు ఎదురుగా వేసి, కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించి నెమ్మదిగా నొక్కి వదలడం నేర్పారు. బ్రేకు తొక్కిన ఆ పాదమే, ఇప్పుడు తన ఇష్టంతో నొక్కి, తన ఇష్టంతో వదులుతుంది. మద్రాసులో కలిగిన కలతను వారం పొడవునా ఇంట్లో తట్టుకోగలిగింది దీనివల్లనే అని తమ్ముడు చెబుతాడు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, మద్యం హద్దు మీరినా, ఈ మూడింటిలో దేనికన్నా ముందు మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. యోగా తరగతిలో చేర్చేముందు గురువును విడిగా కలిసి, కళ్లు తెరిచి ఉంచవచ్చా, తాకకుండా నేర్పుతారా, మధ్యలో లేచి వెళ్లిపోతే తప్పు పట్టకుండా ఉంటారా అని అడగండి. మూడింటిలో ఏ ఒక్కదానికి కాదన్నా, ఇంకొక తరగతి వెతకండి.