జయనగర్ పాత ఫ్లాటా, వైట్‌ఫీల్డ్ గేటెడ్ కమ్యూనిటీనా: ఏది మేలు?

మేం బెంగళూరొచ్చి 11 ఏళ్లు. మొదటి ఐదేళ్లు వైట్‌ఫీల్డ్ పక్కన కాడుగోడి దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో పన్నెండో అంతస్తులో ఉన్నాం, ఆ తర్వాత ఆరేళ్లుగా జయనగర్ నాలుగో టీ బ్లాకులో. రెండూ అద్దె ఇళ్లే. ఇప్పుడు కొందామని కూర్చున్నాం. కోరిక పెద్దదేం కాదు: పిల్ల సైకిలేసుకుని బయటికెళ్తే గుండె దడదడలాడకూడదు, రాత్రి పదింటికల్లా వీధి సద్దుమణగాలి. రెండు చోట్లా ఆ ప్రశాంతత చూశాం. కాకపోతే అది ఒక్కోచోట ఒక్కో రకం.

కాడుగోడిలో ప్రశాంతత గేటు లోపలే. గేటు దాటితే టిప్పర్లూ, దుమ్మూ. లోపల మాత్రం పిల్లలకు స్వర్గం. సాయంత్రం ఐదయితే పాప చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తేది, ఎనిమిదింటికి వెతుక్కుంటూ వెళ్లాల్సిందే. సగం టవరు మన తెలుగువాళ్లే. ఉగాది పచ్చడి మూడిళ్ల నుంచి వచ్చేది, అదీ పులుపు దగ్గర ఒకరితో ఒకరికి పొత్తు కుదరకుండా. ఒకసారి మా నాన్న మదనపల్లె నుంచి టమాటాల గంపతో వచ్చాడు. చింతామణి, హొసకోట మీదుగా వచ్చే బస్సు కె.ఆర్.పురంలో దిగితే మాకు దగ్గర, అదొక సుఖం. కానీ నేను మీటింగులో ఉండి గేటు యాప్‌లో ఓకే నొక్కలేదు. పావుగంట ఎండలో నిలబెట్టారు. "కూతురింటికి రావాలంటే ఎమ్మార్వో ఆఫీసులో లాగా కాచుకోవాలా?" అన్నాడు. ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.

జయనగర్‌లో గేటూ లేదు, యాపూ లేదు. పొద్దున ఆరింటికి "హూవూ" అని పూలావిడ కేక. ఏప్రిల్ వచ్చిందంటే కానుగ పూత రాలి కార్ల మీద పేలాలు చల్లినట్టుంటుంది. మా వీధికి కావేరి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు. కింది ఇంటి ఆంటీ గొట్టంలో గాలి బుసకొట్టే చప్పుడు వినగానే లేచి, సంపు మూత తీసి చూసి, మోటారు వేసి మళ్లీ పడుకుంటుంది. ఆరిళ్ల నీళ్లు ఆమె నిద్ర మీద నడుస్తున్నాయి. మా పాప బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ సంగతి నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కొత్తలో అది నిఘాలా అనిపించి చిరాకేసింది. ఇప్పుడు ఆమె ఊరెళ్తే నాకే తోచదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2024 ఎండాకాలంలో వైట్‌ఫీల్డ్ వైపు బోర్లు ఎండిపోయి టవర్లకు టవర్లు ట్యాంకర్ల మీదే బతికాయి. మా పాత వాట్సాప్ గ్రూపులో రోజంతా ట్యాంకరు ఎక్కడుందన్న ముచ్చటే. ఆ అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది, శివార్లలోని 110 గ్రామాల కోసం రోజుకు 775 మిలియన్ లీటర్లు. పరిస్థితి మారుతోంది, నిజమే. అయినా "కావేరి కనెక్షన్ వచ్చేస్తుందండీ" అని సేల్స్ అబ్బాయి చెబితే సరిపోదు. పోయిన మార్చి, ఏప్రిల్ నెలల ట్యాంకర్ బిల్లులు అసోసియేషన్‌ని అడిగి చూడండి.

ఇక డబ్బు. చదరపు అడుగు ధర వింటే జయనగర్ వైపు తలెత్తి చూడబుద్ధి కాదు. కానీ కొంటున్నది ఏమిటో విడదీసి చూస్తే లెక్క మారుతుంది. 40కి 60 సైటంటే 2400 చదరపు అడుగులు. అందులో ఆరు సమానమైన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరి వాటాకు 400 అడుగుల నేల. మేం చూసిన ఒక టవర్లో ఫ్లాటు 1500 అడుగులన్నారు. అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపిన లెక్క. ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియా వెయ్యి చిల్లర, నేల వాటా 300 కూడా లేదు. గోడలు ఏటేటా పాతబడతాయి, నేల పాతబడదు కదా.

చేతిలో ఎంత ఉండాలో కూడా చూసుకోవాలి. 75 లక్షలు దాటిన గృహరుణానికి ఇంటి విలువలో 75 శాతం వరకే బ్యాంకు ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతమైంది. స్టాంపు డ్యూటీ, సెస్సులతో కలిపితే 7.6 శాతం. అంటే కోటి రూపాయల ఇంటికి 25 లక్షలు, పైన 7 లక్షల 60 వేలు చేతిలో ఉండాలి. ఇంకా కడుతున్న ఫ్లాటయితే మామూలుగా జీఎస్టీ మరో 5 శాతం. పాత ఫ్లాటుకు ఆ బెడద లేదు. దాని బెడదలు వేరు.

అవేమిటంటే, ప్లానులో మూడంతస్తులుండి నేల మీద నాలుగు ఉండటం. ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం, లేకపోవడం. ఆస్తి లావాదేవీల చరిత్ర చెప్పే ఈసీని 30 ఏళ్లకు తీస్తే అందులో ఎవరో అన్నదమ్ముల పంపకం సగంలో ఆగి కనిపించడం. ఖాతా, అంటే నగరపాలిక ఆస్తి రికార్డు, 'ఏ' కాకుండా 'బీ' అయితే బ్యాంకులు చాలావరకు వెనకాడతాయి, దాని డిజిటల్ రూపం ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషనే కాదు. బిల్డింగు వయసు చూసి రుణం కోసేవాళ్లూ ఉన్నారు. కాగితాలు సరే, పక్కింటి సంగతేమిటి? మా పక్కనున్న పాత పెంకుటిల్లు పోయినేడాది కూల్చారు. ఏడాదిన్నరగా కంకర మిక్సరు మోతే. పాత పేటలో ప్రశాంతత కొనుక్కుంటే పక్క సైటు ముసలాయన ఆయురారోగ్యాలు కూడా కోరుకోవాల్సిందే.

ప్రయాణం దగ్గర మాకు తేలిపోయింది. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ. 2025 ఆగస్టులో జయనగర్ పక్కనున్న ఆర్.వి.రోడ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్రకు ఎల్లో లైన్ మెట్రో వచ్చాక జయనగర్ వైపే మొగ్గు. మీ ఇద్దరి ఉద్యోగాలూ వైట్‌ఫీల్డ్‌లోని టెక్ పార్కు ఐటీపీఎల్‌లో అయితే ఇదంతా వదిలేయండి. 2023 నుంచి పర్పుల్ లైన్ కాడుగోడి దాకా ఉన్నా, జయనగర్ నుంచి మెజెస్టిక్‌లో రైలు మారి రోజూ వెళ్లి రావడం ప్రాణం తీస్తుంది.

నన్నడిగితే, గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకుండాలి, పాత పేటలో కొనాలి. ఆట స్థలం, ఈతకొలను పిల్లలకు ఐదు నుంచి పన్నెండేళ్ల దాకా పనికొస్తాయి, ఆ తర్వాత మన మెయింటెనెన్స్‌తో పక్కింటి పిల్లలు ఈదుతారు. ఆ కొన్నేళ్లకు అద్దె చాలు. పెద్దవాళ్లు మనతో ఉంటే, మందుల షాపూ కూరగాయలూ నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం ముందు ఏ క్లబ్‌హౌస్ నిలుస్తుంది?

ఐదో బ్లాకులో ఒకటి కుదిరేలా ఉంది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కాగితాలు లాయరు దగ్గరున్నాయి. మా అత్తమ్మ పైకెక్కుతూ మెట్లు లెక్కపెట్టింది, 36. దిగాక ఒక్కటే అంది, "అడ్వాన్సిచ్చే ముందే లిఫ్టు మాట తేల్చుకోండమ్మా." ఆరుగురు ఓనర్లలో నలుగురు సరేనన్నారు. ఒకాయన అమెరికాలో ఉన్నాడు, ఫోనెత్తడం లేదు. కింది అంతస్తు పెద్దాయన మాత్రం, "నేను దేనికి ఎక్కాలి, దేనికి డబ్బివ్వాలి?" అంటున్నాడు. ఆయన మాటా న్యాయమే. ఈ ఆదివారం మా అత్తమ్మే వెళ్లి మాట్లాడతానంది.