మిరుగం నాడు పానగల్ దారిలో చేపల కొట్టు

రోహిణి ఎండలు దాటి జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె (మా మాటలో మిరుగం) వచ్చిందంటే మా నల్లగొండలో చేపల పులుసు వండని ఇల్లు తక్కువ. చేపలు ముట్టని వాళ్లు ఇంగువ, బెల్లం కలిపి ఉండ మింగుతారు. వానలు మొదలయ్యే ముందు ఒంట్లో వేడి ఉండాలంటారు పెద్దలు. నాకు మాత్రం పులుసే ముఖ్యం.

ఈసారి పానగల్ దారిలో ఓ చిన్న కొట్టుకు వెళ్లాను. తెల్లారకముందే లైను. కొరమట్టలు (కొరమీనులు) నీళ్ల తొట్టిలో ప్రాణంతో ఉన్నాయి, మనం చూపించినదాన్నే పట్టి తూస్తారు. కిలో 500. "అక్కా, రేపు రా, వంద తగ్గుతది" అని అమ్మే ఆమే నవ్వుతూ చెప్పింది. రేపు తింటే అది మిరుగం ఎట్లయితది?

కొరమట్టను బూడిద రుద్ది జిగురు పోయేదాకా కడిగారు, తల విడిగా కట్టిచ్చారు. బొచ్చె చేప దగ్గరే తొందరపడ్డారు: ముక్కలు మరీ పెద్దవి, పొలుసు అక్కడక్కడా మిగిలింది. కోయించుకోవడానికి ఎండలో నిలబడాలి, నీడకు ఓ పట్టా కట్టినా బాగుండేది.

పిల్లలుంటే కొరమట్టే తీసుకోండి, ముళ్లు తక్కువ. పులుసు పొద్దున వండి రాత్రికి తింటేనే రుచి. ఫోన్‌పే ఉంది, సంచి మాత్రం మీరే తీసుకెళ్లండి.