ఇంట్లో రికార్డింగ్: ముందు స్పీకర్లా, హెడ్‌ఫోన్సా?

ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకునేవాళ్లు మొదట అడిగేది మానిటర్ స్పీకర్ల (రికార్డ్ చేసింది ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్ల) గురించే. పాడేవాళ్లకైతే నేను ముందు క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్సే (కప్పుల వెనక వైపు మూసి ఉండేవి) కొనమంటాను. ఎందుకంటే మైకు తెరిచి ఉన్నంతసేపు స్పీకర్లు మోగకూడదు. మోగితే ఆ శబ్దం కూడా మైకులోకి వెళ్తుంది.

కప్పుల వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌తోనూ ఇదే తంటా, శబ్దం బయటికి కారుతుంది. మొదట్లో నేను అవి పెట్టుకునే ఒక కీర్తన రికార్డ్ చేశాను. తర్వాత శ్రుతి బాక్స్ ట్రాక్ తీసేసి తంబూరా పెడదామని చూస్తే, గొంతు ఆగిన ప్రతిచోటా పాత శ్రుతి సన్నగా వినిపిస్తూనే ఉంది. మొత్తం మళ్లీ పాడాను.

క్లోజ్డ్ బ్యాక్‌కీ ఇబ్బందులున్నాయి. ఫ్యాన్ ఆపేసిన గదిలో, మే నెలలో, అరగంటకే చెవులు ఉడికిపోతాయి. పైగా చెవులు మూసుకుపోవడంతో మన గొంతు తలలోనే గుయ్యిమంటుంది, శ్రుతి జారినా వెంటనే తెలియదు. ఒక చెవి మీది కప్పు వెనక్కి జరిపి, చెవి వెనక తలకు ఆనించి పాడండి. గొంతు బయటి నుంచి వినిపిస్తుంది, కప్పు నుంచి శబ్దమూ అంతగా కారదు.

మిక్సింగ్‌కి, అంటే రికార్డ్ చేసిన ట్రాకులన్నీ కలిపి సరిచేసే పనికి, వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ గంటల తరబడి వినాలి కాబట్టి నా ఓటు ఓపెన్ బ్యాక్‌కే. 1997 నుంచి ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డి 600 లాంటివి చెవికి హాయిగా ఉంటాయి. కానీ దాని ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) 300 ఓమ్‌లు, చిన్న ఇంటర్‌ఫేస్‌తో (మైకునీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టెతో) శబ్దం చాలకపోవచ్చు. క్లోజ్డ్ బ్యాక్ రకమైన ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్‌లే, దేనికి తగిలించినా మోగుతుంది.

మరి స్పీకర్లు? ఎడమ కుడి ఎంత దూరంలో ఉన్నాయో సహజంగా వినాలంటే అవే మేలు, హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో చెవికి ఒక్కో వైపే అందుతుంది. అయితే మన గదులు సాధారణంగా 10 అడుగుల చదరాలు, గట్టి గోడలు. గోడకీ గోడకీ మధ్య 3 మీటర్లు ఉంటే సుమారు 57 హెర్ట్జ్ దగ్గరి బేస్ శబ్దం గోడల మధ్యే నిలబడిపోతుంది. పొడవు, వెడల్పు సమానమైతే రెండు వైపుల దెబ్బా అక్కడే పడుతుంది. కుర్చీ గది మధ్యలో వేస్తే ఆ బేస్ దాదాపు వినపడదు, గోడకు ఆనుకుంటే గుమ్మంటుంది. మధ్యలో కూర్చున్నవాళ్లు కిక్ డ్రమ్ చాలదనుకుని పెంచేస్తారు. ఆ పాటే కారులో వేస్తే డోర్లు అదురుతాయి. గోడలకు అంటించే పలచటి ఫోమ్ దీనికి పనికిరాదు, అది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలనే పీలుస్తుంది. మూలల్లో మందపాటి రాక్‌వూల్ (రాతి నారతో చేసిన పలకలు) పెట్టగలిగినప్పుడే స్పీకర్లకు డబ్బు పెట్టండి.

ఒక్క మాట, ఏ హెడ్‌ఫోన్స్ కొన్నా పాడేటప్పుడు గొంతు ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ (గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా వినిపించేది) ఉంటే అది వేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి. రెండూ ఉంచితే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.