గేమ్ ప్రీ-ఆర్డర్: గేదె నీళ్లలో ఉండగానే బేరం

మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్. మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి "మామయ్యా, ఐదు వేలు పోగేశాను, గేమ్ ప్రీ-ఆర్డర్ పెట్టేస్తున్నా, ముందే బుక్ చేస్తే గేములో హీరోకి ఏదో స్పెషల్ సూట్ కూడా ఇస్తారంట" అన్నాడు. వద్దురా అని ఒక్క ముక్కలో అంటే వినే వయసు కాదు. గంటసేపు వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. గేముల మీద రివ్యూలు బోలెడు ఉంటాయి, ఇంకా తయారు కాని గేముకి మన దగ్గర ముందే డబ్బు కట్టించుకునే ఈ పద్ధతి మీద మాత్రం తక్కువ, అందుకే ఈ రివ్యూ దాని మీద.

మొదట్లో ఇదేం పనికిమాలిన పద్ధతి కాదు. గేములు క్యాట్రిడ్జిల్లో, డిస్కుల్లో మాత్రమే దొరికే రోజుల్లో షాపుకి పది కాపీలొస్తే పదకొండో వాడు ఉత్త చేతులతో వెళ్లాల్సిందే. ముందే చెప్పుకుంటే మన కాపీ పక్కన పెట్టేవాళ్లు, ఎన్ని తెప్పించాలో షాపువాడికీ లెక్క తెలిసేది. ఇప్పుడు డౌన్‌లోడ్ గేముకి స్టాకు అయిపోవడం అంటూ లేదు. కోటి మంది కొన్నా సర్వర్లో ఫైలు అలాగే ఉంటుంది. అవసరం పోయింది, అలవాటు మిగిలింది, ఆ అలవాటు పోకుండా ఉండటానికే ఈ సూట్లు, కత్తులు, మూడు రోజుల ముందే ఆడుకునే టికెట్లు.

నీళ్లలో ఉన్న గేదెని కొమ్ములు చూసి బేరమాడినట్టు అంటారు కదా, ట్రైలర్ అంటే సరిగ్గా ఆ కొమ్ములే. కింద కాలు కుంటిదో, పొదుగు ఉందో లేదో గట్టెక్కితే గానీ తెలియదు, మనం మాత్రం అప్పటికే సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేసి ఉంటాం.

సైబర్‌పంక్ 2077 అనే గేము సంగతే చూడండి. 2020 ఏప్రిల్‌లో రావాల్సింది, సెప్టెంబరు అన్నారు, నవంబరు అన్నారు, చివరికి డిసెంబరు 10న వచ్చింది. వచ్చేనాటికి 80 లక్షల ప్రీ-ఆర్డర్లున్నాయి. డిజిటల్ ప్రీ-ఆర్డర్ల మీద రావాల్సిన సొమ్ముతోనే తయారీ ఖర్చు, ఆ ఏడాది ప్రచారం ఖర్చు రెండూ వెనక్కి వచ్చేశాయని దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ కంపెనీయే చెప్పుకుంది. జనం ఇంకా ఆట మొదలు కూడా పెట్టకముందే పెట్టుబడి తిరిగొచ్చేసింది! ఇక రివ్యూల విషయానికొస్తే, రిలీజుకి ముందు రివ్యూవర్లకి ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే, అది కూడా వాళ్లు సొంతంగా రికార్డు చేసిన వీడియో చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడుకోవాలి. టీవీకి తగిలించి ఆడే కన్సోల్స్ అయిన పీఎస్4లో (ప్లేస్టేషన్ 4), ఎక్స్‌బాక్స్ వన్‌లో ఎలా నడుస్తుందో కొన్నవాళ్లకి ఇంటికెళ్లి ఆన్ చేశాకే తెలిసింది. ముందు మైనపు ముద్దలా ఒక మొహం కనిపిస్తుంది, కాసేపాగి దానికి కళ్లూ ముక్కూ వస్తాయి. బండి వేగంగా వెళ్తుంటే ఎదురుగా ఉన్న వీధి ఇంకా లోడవుతూనే ఉంటుంది, ఉన్నట్టుండి మొత్తం క్రాష్. వారం రోజులకే సోనీ ఆ గేముని ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసి, అడిగిన వాళ్లకి డబ్బు వెనక్కిచ్చింది. మళ్లీ 2021 జూన్‌లో గానీ అది స్టోర్లో కనబడలేదు.

ఇప్పుడది బ్రహ్మాండంగా ఉంది కదా అంటారు, ఉంది, ఒప్పుకుంటాను. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత నాకూ చాలా ఇష్టమైన గేమ్ అది. కానీ ఆ అప్‌డేట్ పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి రానే లేదు. అంటే కంపెనీని నమ్మి అందరికంటే ముందు డబ్బు కట్టిన పాత కన్సోల్ వాళ్లకి, కొత్త మెషీన్ కొంటే తప్ప, ఆ మంచి గేమ్ అందలేదు. 2021 నవంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ పీసీ గేముల షాపు సేల్‌లో సగం ధరకి కొన్నవాళ్లు తక్కువ డబ్బుతో అప్పటికే చాలా బగ్స్ పోయిన గేమ్ ఆడారు. ముందు నమ్మినవాడికి నష్టం, ఆగినవాడికి లాభం, ఇందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇది ఒక్క కంపెనీతో పోయే గొడవ కాదు. 2015 జూన్‌లో బ్యాట్‌మన్ ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్ ఎంత ఘోరంగా ఉందంటే, రిలీజైన రెండు రోజుల్లోపే వార్నర్ బ్రదర్స్ తనంతట తనే అమ్మకాలు ఆపేసింది, మళ్లీ అమ్మకానికి పెట్టింది అక్టోబరు చివర్లో.

నా సొంత అనుభవం దీనికంటే చిన్నది, కానీ నాకు బాగా గుర్తు. కొన్నేళ్ల క్రితం మా ఊళ్లో ఒక షాపులో వెయ్యి రూపాయలు అడ్వాన్స్ కట్టి ఒక డిస్క్ బుక్ చేశాను. రిలీజ్ శుక్రవారం, శనివారానికి లీవ్ కూడా పెట్టుకున్నాను. శుక్రవారం వెళ్తే కౌంటర్లో కుర్రాడు "స్టాకు ఇంకా రాలేదన్నా, రేపు రండి" అన్నాడు, శనివారం ఫోన్ ఎత్తలేదు. సోమవారం సాయంత్రం డిస్క్ చేతికొచ్చింది, దాంతోపాటు పాన్ షాపు చీటీ అంత కాగితం మీద బోనస్ కోడ్. అందులో ఒక అక్షరం చెరిగిపోయి సున్నానో 'ఓ'నో తెలియక అరగంట కొట్టుకున్నాను. తీరా వచ్చింది హీరోకి బంగారు రంగు జాకెట్టు. డిస్క్ పెట్టగానే నలభై జీబీ పైగా అప్‌డేట్, మా ఇంటి నెట్‌కి అది తెల్లవారుజాము దాకా పట్టింది. మూడు వారాల తర్వాత అదే షాపు అద్దంలో అదే డిస్క్ వెయ్యి తక్కువకి పెట్టారు. నేను కట్టిన అడ్వాన్స్ కూడా సరిగ్గా వెయ్యే. ఆ ధర చీటీ చూసి అక్కడ కాసేపు నిలబడిపోయాను.

ప్రీ-ఆర్డర్‌తో లాభం ఉన్న చోటు కూడా చెప్పాలి. స్టీల్‌బుక్ (రేకు డబ్బాలో వచ్చే డిస్క్), బొమ్మతో వచ్చే కలెక్టర్స్ ఎడిషన్ లాంటివి నిజంగానే తక్కువ తయారవుతాయి, మనసు పడితే బుక్ చేసుకోండి, అందులో తప్పేం లేదు. ఇంకోటి ప్రీలోడ్. వంద జీబీ గేముని రెండు రోజుల ముందే దించుకోవచ్చు, నెట్ నత్తనడక నడిచే ఊళ్లలో ఇది నిజమైన సౌకర్యమే, కాదనను. కానీ దానికోసం ఆరు నెలల ముందు డబ్బు కట్టక్కర్లేదు. చాలా పెద్ద గేములకి రివ్యూలు రిలీజుకి ఒకట్రెండు రోజుల ముందే వచ్చేస్తాయి. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వస్తే రివ్యూలు 23నే వచ్చాయి. అవి చదివి అప్పుడు కొన్నా ఇంకా టైముంటుంది. రిలీజయ్యే నిమిషం దాకా రివ్యూలు బయటికి రానివ్వట్లేదంటే మాత్రం నేనైతే పర్సు జేబులోంచి తియ్యను. ఎర్లీ యాక్సెస్ సంగతి వేరు, అక్కడ గేము సగమే ఉందని చెప్పే అమ్ముతారు, ఆ సగం మనం ఆడి చూసుకోవచ్చు.

నా రేటింగ్: డౌన్‌లోడ్ గేముల ప్రీ-ఆర్డర్‌కి ఐదుకి ఒకటి, ఆ ఒకటీ ప్రీలోడ్‌కి. కలెక్టర్స్ ఎడిషన్‌కి మూడున్నర. మామూలు డిస్కుకి రెండు, ఎందుకంటే ఆడాక కనీసం ఎవరికైనా అమ్ముకోవచ్చు.

ఇప్పటికే కట్టేసిన వాళ్లకి ఒక మాట. స్టీమ్‌లో అయితే రిలీజుకి ముందు ఎప్పుడైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు, రిలీజయ్యాక పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగిస్తారు. మొదటి గంట మెనూల్లో, హీరో జుట్టు రంగు ఎంచుకోవడంలో గడిపేయకండి, గేము ఎలా నడుస్తుందో ముందు చూడండి. ప్లేస్టేషన్‌లో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి, ఒకసారి డౌన్‌లోడ్ మొదలైతే రిఫండ్ అడగడం కష్టమవుతుంది, ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మనం నిద్రలో ఉండగానే అది మొదలైపోతుంది. మావాడు నేను ఫోన్ ఎత్తేసరికే డబ్బు కట్టేశాడని చివర్లో బయటపడింది. కన్సోల్ ముందు కూర్చోబెట్టి, ఫోన్ స్పీకర్లో పెట్టించి, ముందు ఆ సెట్టింగ్ తీయించాను. రిలీజుకి ఇంకా పదకొండు రోజులుంది, క్యాన్సిల్ చెయ్యాలో వద్దో వాడు ఆలోచించుకుని చెబుతానన్నాడు.